వణికే ఇళ్ళు

కొత్త కాగితాన్ని ముసలిదాన్ని చెయ్యడం అంత తేలికైన పని కాదు. ముందు దాన్ని పళ్ళెంలో పోసిన టీ డికాషన్‌లో ముంచాలి. ముంచీ ముంచగానే తీస్తే పచ్చకామెర్లు వచ్చినట్టుంటుంది, కబుర్లలో పడి మరిచిపోతే చెప్పు అట్టలా తయారవుతుంది. తీశాక తీగకు క్లిప్పు పెట్టి ఆరవేయాలి. ఆరాక చెక్కబద్ద అదిమిపట్టి అంచు చేత్తో చింపాలి. కత్తెర తగిలినట్టు ఉండకూడదు, అలాగని ఎలుక కొరికినట్టూ ఉండకూడదు. ఆ పైన సిరా గీత, ఎండుటాకు, జనపనార ముడి. ఇంత తతంగం నడిస్తే అప్పుడది ఏ తాతమ్మ ట్రంకుపెట్టె అడుగునుంచో తీసిన క్రిస్మస్ కార్డులా కనిపిస్తుంది. కొన్నవాళ్ళు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, "అబ్బ, పాతకాలం వాసన!" అంటారట. వాళ్ళు పీల్చేది నిన్న పొద్దుటి టీ.

"మనం ఊరికే కూర్చుంటేనే ముసలివాళ్ళమైపోతున్నాం, ఈ కాగితానికి ఇంత గారాబమా?" అంటుంది జిగురక్క. ఆకులు అంటించే పని ఆమెది. పక్కనే కూర్చుని అంచులు చింపే మనిషిని అందరూ కత్తెరమ్మ అంటారు. ఆ పనిలో కత్తెర ముట్టనే కూడదు కదా, మరి ఆ పేరెందుకంటే, అది ఆమె నోటిని చూసి పెట్టింది.

ఆ రేకుల షెడ్డులో పొడుగాటి బల్ల ఒక్కటే. బల్లకు ఆ చివర, కిటికీ పక్కన ఉన్న కుర్చీ గీతలత్తది. గీత గియ్యాలంటే వెలుతురు కావాలి గనక కిటికీ ఆమెకు దక్కింది. చలికాలంలో ఆ షెడ్డు మొత్తానికి ఎండ పడేది ఆ ఒక్క కుర్చీ మీదే. వచ్చిన కాగితం మీద గోధుమరంగు సిరాతో ఒక చిన్న ఇల్లు, ఇంటి మీద మంచు, పక్కన ఆకు లేని చెట్టు, పైన నక్షత్రం గీసి ఇవతలికి జరపడం ఆమె పని. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళలో మంచును కళ్ళతో చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. చూడని మంచును ఇంటికప్పు మీద గీసి గీసి, దాని బరువెంతో తనకు తెలిసిపోయినట్టే ఉండేది గీతలత్తకు.

ఆ సోమవారం పొద్దున షెడ్డు నడిపే మేడం ఒక కార్డు పట్టుకుని వచ్చి ఆమె వెనకాల నిలబడింది. మేడం అలా వెనకాల నిలబడితే ఎవరికో మూడిందని అర్థం. గీతలత్త ఓరగా ఆ కార్డు చూసింది. అది తను పోయినవారం గీసినదే. వానాకాలం నుంచీ కుడిచెయ్యి మాట వినడం మానేసింది. ఎడంచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ఇంటికప్పు గీసేటప్పుడు ఊపిరి బిగబట్టి, ఎలాగో నెట్టుకొస్తోంది. ఆ రోజు మాత్రం ఒంట్లో బాగాలేక పట్టు తప్పింది. గోడలు గోడల్లా లేవు, తాగి తూలినట్టున్నాయి.

"అత్తా, ఇది నువ్వు గీసిందేనా?"

"చలికి కాస్త చెయ్యి బిగుసుకుపోయింది మేడంగారూ. పక్కన పెట్టండి, మళ్ళీ గీసిస్తాను."

"మళ్ళీనా? కొనేవాళ్ళకు ఇదే కావాలిట! మిగతావన్నీ అచ్చుగుద్దినట్టున్నాయన్నారు. ఇది మాత్రం ఎవరో ముసలామె దీపం ముందు కూర్చుని గీసినట్టుందట. ఇక నుంచి ఇలాగే గియ్యి. పండగ దాకా అన్నీ ఇలాగే."

మేడం అటు వెళ్ళిందో లేదో బల్ల అంతా గొల్లుమంది.

"రొట్టె విరిగి నేతిలో పడిందంటే ఇదే అత్తా! నా నడుంనొప్పి ఎవరైనా కొంటారేమో అడుగు," అంది కత్తెరమ్మ.

"నీ నడుం ఎవడిక్కావాలి? నీ నోరు అమ్ముకో, బోలెడంత సరుకుంది," అంది జిగురక్క.

గీతలత్త కూడా నవ్వింది. నవ్వుతూనే ఒళ్ళో పెట్టుకున్న కుడిచెయ్యి కేసి చూసుకుంది. ఆ పొద్దునే ఆమె మొదటి మాత్ర మింగి వచ్చింది.

*

మాత్రలు తెచ్చింది చిట్టి. చిట్టి అంటే గీతలత్త ఆడపడుచు. పేరుకే చిట్టి గాని తల సగం నెరిసిపోయింది. అన్న పోయాక వదినా ఆడపడుచూ ఒక గదిలో, ఒక స్టవ్ మీద బతుకుతున్నారు. చిట్టి లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. హోటళ్ళ దుప్పట్లు, దిండు గలేబులు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడి చెయ్యాల్సిన పని. కాళ్ళు గుమ్మడికాయల్లా ఉబ్బుతాయి. ఆ కాళ్ళతోనే శనివారం వదినను రెక్క పట్టుకుని ఆసుపత్రికి లాక్కుపోయింది.

డాక్టరు గీతలత్త చెయ్యి చాపించి, దాని మీద ఒక కాగితం పెట్టాడు. కాగితం గాలికి రెపరెపలాడినట్టు ఆడింది. "ఇది ప్రాణానికేం కాదు, మాత్రతో అణుగుతుంది," అన్నాడు. ఆ తర్వాత చిట్టి కేసి తిరిగి, ఎవరు చెబితే ఎవరు వింటారో కనిపెట్టినట్టు, "మొదలుపెట్టాక మాత్రం ఉన్నట్టుండి మానెయ్యనివ్వకండి. గుండె దడ వస్తుంది, కళ్ళు తిరుగుతాయి. ఈ వయసులో ఆటలు కాదు," అన్నాడు. చిట్టి ఆ మాటను కొంగున ముడేసుకుంది. పొద్దునే టీ గ్లాసుతో పాటు అరచేతిలో మాత్ర పెట్టుకుని వచ్చి నిలబడేది.

"నోరు తెరువు వదినా."

"నేనేమైనా పసిపిల్లనా?"

"పసిపిల్లలైతే నయం, రెండు తగిలిస్తే మింగుతారు. ఊఁ, తెరువు."

మాత్ర మంచిదే. చెప్పుకోవాలంటే మరీ మంచిది. మంగళవారం సాయంత్రానికి గీతలత్త టీ గ్లాసు ఒంటిచేత్తో ఎత్తింది. ఎత్తి, తొణకకుండా తాగి, దించింది. చిట్టి చూసీ చూడనట్టు గోడ కేసి తిరిగి ముక్కు చీదుకుంది. బుధవారం పొద్దున స్వెట్టర్ గుండీలు ఎవరి సాయం లేకుండా కిందనుంచి పైదాకా పెట్టుకుంది. చాలా నెలలకు చెయ్యి తనదన్నట్టు అనిపించింది.

ఆ చేత్తోనే వెళ్ళి కిటికీ పక్కన కూర్చుని ఇల్లు గీసింది. గోడ నిటారుగా లేచింది. కప్పు రెండు గీతల్లో వచ్చి కూర్చుంది. నక్షత్రం కొనలు సూదుల్లా ఉన్నాయి. ఆ గీతలు చూసుకుని ఆమెకు పెళ్ళినాటి ముగ్గు గుర్తొచ్చినంత ముచ్చటేసింది. మధ్యాహ్నం మేడం వచ్చి ఆ కట్ట తిరగేసి, ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టడం మొదలుపెట్టింది. పక్కన పెట్టినవి పెరిగి పెరిగి అసలు కట్ట మాయమైపోయింది.

"ఇదేంటత్తా, మళ్ళీ నున్నగా వచ్చాయి?"

"చెయ్యి కాస్త నెమ్మదించిందమ్మా."

"అయ్యో," అంది మేడం. నిజంగానే అయ్యో అంది, పాపం. "కాస్త వదులుగా పట్టుకుని గియ్యకూడదూ?"

వదులుగా పట్టుకుంది. సిరా మరక పడింది గాని వణుకు రాలేదు. కావాలని వణికించింది. గీత పాము పాకినట్టు మెలికలు తిరిగింది. అప్పుడు బల్ల అంతా పని వదిలేసి వణుకు చదువు మొదలుపెట్టారు. కత్తెరమ్మ ఎడంచేత్తో గీసి చూపించింది. అది ఇల్లో కోడిపుంజో దేవుడికే తెలియాలి. జిగురక్క బల్ల కాలి కింద ఎత్తుకోసం పెట్టిన అట్టముక్క లాగేసి, "ఇప్పుడు గియ్యత్తా, బల్లే వణుకుతుంది," అంది. బల్ల ఊగి డికాషన్ పళ్ళెం ఒలికి, ఆరిన కార్డులు కాస్తా తడిసి ముద్దయ్యాయి. ముంచేవాళ్ళు తిట్టారు, అంటించేవాళ్ళు తిట్టించుకున్నారు. ఎవరో ముసలమ్మలా నడుం వంచి గీశారు. ఎవరో చన్నీళ్ళలో చెయ్యి ముంచుకుని వచ్చి గీశారు. అందరూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు.

మేడం మాత్రం ఒక్కొక్క కాగితం కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూసింది. "ఇది వణుకు కాదు, వెక్కిరింత," అంది. ఆ తర్వాత గీతలత్త భుజం మీద చెయ్యి వేసి మెల్లగా చెప్పింది. "రేపు చూద్దాం అత్తా. రాకపోతే ఏం చేస్తాం, గీతలు ఇంకెవరితోనైనా గీయించుకుంటాను. ముడుల దగ్గర పని ఉన్నరోజు కబురుపెడతాను, వద్దువుగాని."

పని ఉన్నరోజు అంటే ఏమిటో ఆ బల్ల దగ్గర అందరికీ తెలుసు. కిందటేడు ముడుల దగ్గర కూర్చున్నావిడకు పండగ వెళ్ళాక కబురు రాలేదు. ఈ ఏడూ రాలేదు. ఆమె ముఖం కూడా ఇప్పుడెవరికీ సరిగా గుర్తులేదు.

*

గురువారం పొద్దున చిట్టి అరచెయ్యి చాపింది. గీతలత్త నోరు తెరిచింది, మాత్రను నాలుక మీదినుంచి దవడ సందులోకి తోసింది, టీ గుటక వేసింది. గ్లాసు కడిగే నెపంతో అటు తిరిగి దాన్ని వేళ్ళ మీదికి ఉమ్మి, పనికి కట్టుకునే ఏప్రన్ జేబులో పడేసింది. ఇంత వయసొచ్చాక దొంగతనం చెయ్యడమంటే ఎలా ఉంటుందో ఆ క్షణంలో తెలిసింది. అదీ తన ఆరోగ్యాన్ని తనే దొంగిలించడం!

వణుకు అలిగి వెళ్ళిన చుట్టంలా తిరిగొచ్చింది. వస్తూ వస్తూ ఇంకా పెద్ద మూటతో వచ్చింది. శుక్రవారం నాటికి కలం సిరాబుడ్డి మూతికి టకటకా కొట్టుకుంది. గీతలత్త ఎడంచేత్తో మణికట్టు పట్టుకోవడం మానేసింది. ఊపిరి బిగబట్టడం మానేసింది. చేతిని దాని ఇష్టానికి వదిలేసింది. గోడ వణుక్కుంటూ లేచింది, కప్పు తడుముకుంటూ దిగింది, ఆకులేని చెట్టు కొమ్మలు చలికి ముడుచుకున్న వేళ్ళలా వచ్చాయి. చూస్తుంటే ఆ ఇంట్లో నిజంగా ఎవరో ఉన్నట్టు, వాళ్ళకు నిజంగా చలేస్తున్నట్టు ఉంది.

మేడం ఒక కార్డు ఎత్తి వెలుతురుకు పట్టి, చాలాసేపు దించలేదు. "ఇదీ!" అంది. "అత్తా, నీ చేతికి బంగారు కడియం చేయించాలి."

"కడియం కాదు, గంట కట్టించండి మేడం. వణికినప్పుడల్లా మోగుతుంది, మాకు పొద్దు తెలుస్తుంది," అంది కత్తెరమ్మ. ఈసారి జిగురక్క నవ్వలేదు. గీతలత్త ముఖం కేసి చూసి, "ముఖం పాలిపోయిందేమిటత్తా?" అని అడిగింది. "ఎండ," అంది గీతలత్త. కిటికీ బయట మబ్బు పట్టి ఉంది.

గుండె ఎక్కడో గొంతులో కొట్టుకుంటోంది. మెట్లెక్కితే సరే, కూర్చున్నా అంతే. నడుస్తుంటే దారి ఒక పక్కకు ఒరిగిపోయేది, గోడ పట్టుకుని నిలబడితే గోడా ఒరిగేది. ఇంటికొచ్చి సూప్ గిన్నెలో చెంచా పెడితే గిన్నెలో సగం, ఒళ్ళో సగం. చిట్టి చెంచా లాక్కుని తనే తాగించింది. స్వెట్టర్ గుండీలు మళ్ళీ చిట్టి చేతికొచ్చాయి.

"మంగళవారం బాగుంది కదా వదినా! గ్లాసు ఎత్తావు. నా కళ్ళతో చూశాను."

"మందు ఎక్కినట్టే ఎక్కి దిగిందేమో."

"దిగడానికి అదేమైనా బస్సా?" అంది చిట్టి. కాని గొంతులో మునుపటి గట్టితనం లేదు.

శనివారం పని దిగాక ఆ ఉబ్బిన కాళ్ళతోనే చిట్టి ఒక్కతే ఆసుపత్రికి వెళ్ళింది. వరసలో నిలబడి నిలబడి చీకటి పడే వేళకు వచ్చింది. వస్తూనే చెప్పులు విసిరేసింది.

"ఆ డాక్టరు చదువుకున్నాడో, చదువు కొనుక్కున్నాడో! 'మీ వదిన మాత్రలు వేసుకుంటోందా, చూసుకోండి' అంటాడు. నా చేత్తో నోట్లో వేస్తున్నానయ్యా అన్నాను. 'కొందరు ఉమ్మేస్తారమ్మా' అంటాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా వదిన అలాంటి మనిషి కాదు, ఇన్నేళ్ళు కలిసి బతికాం, నాతో ఒక్క అబద్ధం ఆడి ఎరగదు అని నలుగురిలో దులిపేసి వచ్చాను."

గీతలత్త మంచం మీద అటు తిరిగి పడుకుని ఉంది. ఏదో ఒకటి అనాలి. చిట్టీ, వెళ్ళి క్షమించమను ఆయన్ని, అనాలి. నోట్లో మాట చెంపదాకా వచ్చి అక్కడే మాత్రలా ఆగిపోయింది.

"కాళ్ళు పట్టమంటావా?" అంది చివరికి.

"నీ చేతులతోనా? నా కాళ్ళతో పాటు బస్తీ అంతా ఊగుతుంది," అని చిట్టి నవ్వి, తనే వచ్చి వదిన మీద దుప్పటి సర్దింది.

*

సోమవారం చిట్టి మధ్యాహ్నానికే ఇంటికొచ్చింది. దుప్పట్లు పంపే పెద్ద హోటలు వేరే లాండ్రీకి మారిందట. మనుషులు ఎక్కువైపోయారని లాండ్రీవాడు వరసలో చివరివాళ్ళను పిలిచి, మళ్ళీ కబురుపెడతానన్నాడు. ఇల్లు తాళం తీసి లోపలికొచ్చింది గాని చేతులకు ఏం చెయ్యాలో తోచలేదు. పగటిపూట ఆ గది ఎలా ఉంటుందో ఆమె ఎప్పుడూ చూడలేదు. ఈగ ఒకటి అద్దం మీద పాకుతోంది. కాసేపు దాన్నే చూసింది. ఆ తర్వాత అలవాటు పడ్డ చేతులు ఊరుకోక ఇస్త్రీపెట్టె తీశాయి. తన రెండు జాకెట్లు చేసింది, కిటికీ కర్టెను విప్పి చేసింది. తలుపు వెనక మేకుకు వదిన ఏప్రన్ వేలాడుతోంది. ఆదివారం దాన్ని విడిచి, ఆ పొద్దున వేరేది కట్టుకుని పోయింది. దాన్ని దులిపి, నీళ్ళు చిలకరించి, బల్ల మీద పరిచి, జేబు మీద ఇస్త్రీపెట్టె అదిమింది.

కింద ఏదో పటుక్కుమంది. ఆ తర్వాత మరొకటి. కాలిన మందు వాసన గుప్పుమని లేచింది.

గీతలత్త సాయంత్రం వచ్చేసరికి ఏప్రన్ బల్ల మీదే ఉంది. జేబు దగ్గర గోధుమరంగు మచ్చ, అచ్చం డికాషన్‌లో ముంచినట్టు. మచ్చ పక్కన తెల్లటి పొడి, పొడిలో ఇంకా గుండ్రంగా మిగిలిన మాత్ర ముక్కలు. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. చెప్పులు విప్పకుండానే గోడకు ఆనుకుంది.

"సున్నమనుకున్నాను," అంది చిట్టి. "నిజంగా సున్నమే అనుకున్నాను ముందు."

"చిట్టీ…"

"డాక్టరుతో ఎలా అరిచానో తెలుసా నీకు?"

గీతలత్త చెప్పింది. మేడం సంగతి, పక్కన పెట్టిన కార్డుల సంగతి, కిటికీ కుర్చీ సంగతి. చెబుతున్నంతసేపూ చిట్టి అరుపు కోసం ఎదురుచూసింది. నిజానికి ఆ అరుపు కోసమే చెప్పింది. నీకు మతి ఉందా వదినా, కుర్చీ పోతే పోనీ, నువ్వు పోతే నాకెవరున్నారు, నోరు తెరువు, ఇప్పుడే నా ముందు మింగు — అంటుంది. తిడుతుంది. గ్లాసు విసిరినా విసురుతుంది. అప్పుడు తను ఏడ్చి, మింగి, రేపు వెళ్ళి మేడంతో 'నా వల్ల కాదమ్మా' అని చెప్పెయ్యొచ్చు. ఇన్ని రోజులూ గుండె దడదడలాడుతున్నా ఎలా ఓర్చుకుందంటే, చిట్టి ఏదో ఒకరోజు పట్టుకుంటుందనే ధైర్యంతోనే.

చిట్టి అరవలేదు. చల్లారిన ఇస్త్రీపెట్టె మీద అరచెయ్యి ఆనించి, వేడి ఉందో లేదో చూసుకుంటున్నట్టు కాసేపు అలాగే ఉంచింది.

"ఆ కార్డుల పని ఎన్నాళ్ళుంటుంది?" అని అడిగింది.

"పండగ దాకా."

"ఊఁ."

పొడిని అరచేత్తో బల్ల అంచుకు తోసి, కిందపడకుండా రెండో చేతిలోకి పట్టి, తీసుకెళ్ళి చెత్తబుట్టలో వేసింది. అటు తిరిగే అంది. "నన్ను రావద్దన్నారు వదినా. మధ్యాహ్నం నుంచి ఇంట్లోనే ఉన్నాను."

ఆ తర్వాత ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. చిట్టి చెంచాతో తినిపించింది. వదిన గడ్డం మీద ఒలికినప్పుడల్లా వేలితో తుడిచింది. వాళ్ళిద్దరూ అంత మర్యాదగా భోజనం చేసిన రోజు ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు.

మంగళవారం పొద్దున గీతలత్త ముఖం కడుక్కుని వచ్చి, ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుంది. చిట్టి టీ తెచ్చింది. గ్లాసు నిండా కాకుండా సగం వరకే పోసి తెచ్చింది, ఒలక్కుండా. గ్లాసు తన చేత్తోనే పట్టుకుని వదిన పెదవుల దగ్గర పెట్టింది. గీతలత్త ఒక గుక్క తాగి ఆగింది. ఇంకో చెయ్యి ఎప్పుడు చాపుతుందా అని చూసింది. చిట్టి రెండో చెయ్యి ఒళ్ళో ఉంది, ఖాళీగా.

మాత్రల డబ్బా పైన అరలో ఉంది. చెయ్యి చాపితే అందేంత ఎత్తే.

"తాగు, చల్లారిపోతుంది."

తాగింది. చిట్టి స్వెట్టర్ తెచ్చి ఒక చెయ్యి తొడిగింది, రెండో చెయ్యి తొడిగింది. కిందనుంచి గుండీలు పెట్టుకుంటూ వచ్చింది. ఇస్త్రీ చేసి చేసి కాయలు కాసిన వేళ్ళు, ఒక్క గుండీ దగ్గర కూడా తడబడలేదు.

"చిట్టీ," అంది గీతలత్త. "మాత్ర…"

చిట్టి కళ్ళు పైకెత్తలేదు. మెడ దగ్గర ఆఖరి గుండీని, తనెప్పుడూ పెట్టనిదాన్ని, ఆ రోజు అది కూడా పెట్టింది. కాలరు సరిచేసింది. సరిగ్గా ఉన్నదాన్నే మళ్ళీ సరిచేసింది.

"సాయంత్రం వేసుకుందువుగానిలే వదినా," అంది. "పద, వేళవుతోంది. షెడ్డు దాకా నేనూ వస్తాను, గోడ పట్టుకు నడవక్కర్లేదు."

చెయ్యి పట్టుకుని షెడ్డు గుమ్మం దాకా దిగబెట్టింది. ఆ రోజు గీతలత్త గీసిన ఇళ్ళు ఎంత బాగా వణికాయంటే, మేడం వాటిలో ఒక్కటి కూడా పక్కన పెట్టలేదు.